శేషంతో లెక్క తేల్చడం: మాడ్ పద్ధతి మొదటి మెట్టు నుంచి

తమిళనాడు స్టేట్ బోర్డు పదో తరగతి లెక్కల పుస్తకంలో, సంఖ్యలు–శ్రేణుల అధ్యాయంలో, మూడు అడ్డగీతల గుర్తు (≡) ఒకటి ఎదురవుతుంది. చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలు అక్కడే ఆగిపోతారు. ఇంట్లో నేర్పుదామంటే మన పెద్దవాళ్లలో చాలామందికి బళ్లో ఇది చెప్పలేదు. గణిత ఒలింపియాడ్ మొదటి మెట్టయిన ఐఓక్యూఎమ్ పరీక్షకీ, సిరుసేరిలోని సీఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్) ప్రవేశ పరీక్షకీ తయారయ్యేవాళ్లు కూడా నన్ను అడిగేది ఇదే: "నియమాలు తెలుసండీ, లెక్క ఎదురుగా ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు."

రెండు సంఖ్యలను ఒకే సంఖ్యతో భాగిస్తే ఒకే శేషం వస్తుందని చెప్పే గుర్తు అది. ఆ భాగించే సంఖ్యనే మాడ్ అంటాం. మాడ్ లెక్కల్లో పట్టు చిక్కాలంటే రెండు నిర్ణయాలు సరిగ్గా తీసుకోవాలి. దేనితో భాగించిన శేషం చూడాలన్నది మొదటిది. ఎక్కడ భాగహారం చేయకూడదన్నది రెండోది. నేను దిద్దే జవాబుల్లో తప్పులు ఎక్కువగా ఈ రెండు చోట్లే కనిపిస్తాయి. అందుకే ఇక్కడ వాటికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

1. కూర్చునే ముందు

- 20 వరకు ఎక్కాలు తడుముకోకుండా రావాలి.
- 50 లోపు ప్రధాన సంఖ్యలు, 25 వరకు వర్గాలు నోటికి రావాలి.
- గ.సా.భా., క.సా.గు. తీయడం తెలియాలి.
- నోట్సులో ప్రతి వరుస చివరా "మాడ్ ఎంత" అని రాసే అలవాటు ఉండాలి. లెక్క మధ్యలో మాడ్ మారుతుంది. రాసుకోకపోతే ఆ మార్పు కంటికి కనబడదు.

38ని 7తో భాగిస్తే శేషం 3. కాబట్టి 38 ≡ 3 (మాడ్ 7). రెండు సంఖ్యలకు ఈ సంబంధం ఉందో లేదో చూడాలంటే వాటి తేడా తీయండి. 38 − 3 = 35, అది 7తో పోతుంది, అంటే శేషం మిగలదు. అంతకు మించి నిర్వచనం అక్కర్లేదు.

చేయదగినవి: కూడిక, తీసివేత, గుణకారం. వీటిలో ఎక్కడైనా సంఖ్యను తీసేసి దాని శేషాన్ని పెట్టుకోవచ్చు.

నేరుగా చేయకూడనివి: భాగహారం, ఘాతాంకానికి శేషం తీయడం. వీటి సంగతి 6, 7 అంకాల్లో వస్తుంది.

2. ఏ మాడ్ తీసుకోవాలి?

"7తో భాగిస్తే శేషమెంత" అని ప్రశ్నలోనే ఉంటే ఈ బాధ లేదు. చాలా ప్రశ్నల్లో అలా ఉండదు. మాట చూసి మాడ్ పట్టుకోవాలి.

- ఒకట్ల స్థానంలో అంకె అడిగితే మాడ్ 10. చివరి రెండంకెలైతే మాడ్ 100. ఐఓక్యూఎమ్ జవాబులు 00 నుంచి 99 లోపే ఉంటాయి కాబట్టి "100తో భాగిస్తే వచ్చే శేషం" అని అక్కడ అడగడం సహజం.
- వారం అడిగితే మాడ్ 7. గంటలు అడిగితే మాడ్ 12 లేదా 24.
- వర్గాలు కనిపిస్తే మాడ్ 4, 8, 3 వరుసగా ప్రయత్నించండి.
- ఘనాలు కనిపిస్తే మాడ్ 7, 9.
- అంకెల మొత్తం అన్న మాట వస్తే మాడ్ 9.

వర్గాలకు 4 ఎందుకు? 0, 1, 2, 3 వర్గాలను మాడ్ 4లో చూడండి: 0, 1, 0, 1. అంటే ఏ వర్గానికైనా శేషం 0 లేదా 1 మాత్రమే. 2, 3 అసలు రావు. వచ్చే శేషాలు ఎంత తక్కువైతే ఆ మాడ్ మనకు అంత పనికొస్తుంది.

ఉదాహరణకు 2027ను రెండు వర్గాల మొత్తంగా రాయగలమా? 2027లో చివరి రెండంకెలు 27, మాడ్ 4లో శేషం 3. రెండు వర్గాల మొత్తానికి శేషం 0, 1, 2 మాత్రమే వస్తుంది. కాబట్టి రాయలేం. ఒక్క జతను కూడా ప్రయత్నించకుండానే తేలిపోయింది.

ఇలాగే మాడ్ 8లో వర్గాల శేషాలు 0, 1, 4. ఈ మూడింటిలోంచి మూడు తీసుకుని ఎలా కలిపినా 7 శేషం రాదు. 2023కు మాడ్ 8లో శేషం 7. అంటే 2023 మూడు వర్గాల మొత్తం కూడా కాలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మాడ్ లెక్క "సాధ్యం కాదు" అంటే ఖాయంగా కాదు. "అడ్డేమీ లేదు" అంటే మాత్రం సాధ్యమని అర్థం కాదు. 21కి మాడ్ 4లో శేషం 1, అడ్డు లేదు. అయినా 21ని రెండు వర్గాల మొత్తంగా రాయలేం. ఈ తేడా మరిచి "శేషం కుదిరింది కాబట్టి రుజువైంది" అని రాసేవాళ్లు చాలామంది.

3. ఋణ సంఖ్యల శేషం: సంవత్సరాల పేర్లతో సాధన

మన సంవత్సరాల పేర్లు ప్రభవతో మొదలై అక్షయతో ముగుస్తాయి, మొత్తం 60. తమిళుల సంవత్సరాలకూ ఇవే పేర్లు, ఇదే వరుస. 1987 ఉగాదితో ప్రభవ మొదలైంది. కాబట్టి:

మెట్టు 1: ఉగాది వచ్చిన ఇంగ్లీషు సంవత్సరంలోంచి 1987 తీసేయండి.
మెట్టు 2: మాడ్ 60లో శేషం తీయండి.
మెట్టు 3: ఒకటి కలపండి. అది వరుసలో ఎన్నో పేరో చెబుతుంది.

2025కు: 38, ఒకటి కలిపితే 39. ముప్పై తొమ్మిదో పేరు విశ్వావసు. సరిపోయింది.

ఇప్పుడు 1952: 1952 − 1987 = −35. పిల్లలు ఇక్కడ మైనస్ తీసేసి 35 అని రాసేస్తారు. అది తప్పు. మాడ్ 60లో −35కు 60 కలపాలి: 25. ఒకటి కలిపితే 26, అంటే నందన. 35 అని రాసి ఒకటి కలిపి ఉంటే 36వ పేరు శుభకృతు వచ్చేది.

జనవరి నుంచి ఉగాది ముందు రోజు వరకు పాత సంవత్సరమే నడుస్తుంది. ఆ తేదీలకు మెట్టు 1లో ఒక సంవత్సరం తగ్గించండి. తమిళ లెక్కలో కొత్త సంవత్సరం ఏప్రిల్ నడుమ, చిత్తిరై మొదటి రోజున వస్తుంది, హద్దు అక్కడ పెట్టుకోవాలి.

కోడు రాసేవాళ్లకు ఒక మాట. సీ, జావాల్లో −35 % 60 అని అడిగితే జవాబు −35 వస్తుంది. పైథాన్‌లో 25 వస్తుంది. సీ, జావాల్లో శేషానికి మరోసారి 60 కలిపి మళ్లీ % 60 చేయండి. ధన సంఖ్యలైనా ఋణ సంఖ్యలైనా అప్పుడు సరిగా వస్తుంది.

చేత్తో చేసేటప్పుడు ఋణ శేషం మనకు సాయం కూడా చేస్తుంది. మాడ్ 13లో 12 బదులు −1, 11 బదులు −2 రాసుకోండి. గుణకారాలు చిన్నవైపోతాయి.

4. పెద్ద సంఖ్య పోతుందా లేదా: పిన్ కోడ్‌తో

భాజనీయతా సూత్రాలను ఒక్కొక్కటీ విడిగా బట్టీ పట్టిస్తారు. అన్నీ ఒకే చోట నుంచి పుడతాయి. 10కి, 100కి, 1000కి ఆ మాడ్‌లో శేషమెంతో చూడడమే పని.

- మాడ్ 9, మాడ్ 3: 10 ≡ 1. అందుకే అంకెలు కూడితే చాలు.
- మాడ్ 11: 10 ≡ −1. అందుకే కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి కూడుతూ, తీస్తూ పోవాలి.
- మాడ్ 4: 100 ≡ 0. చివరి రెండంకెలు చాలు.
- మాడ్ 8: 1000 ≡ 0. చివరి మూడంకెలు చాలు.
- మాడ్ 7, 11, 13: 7 × 11 × 13 = 1001. కాబట్టి మూడింటిలోనూ 1000 ≡ −1.

చివరిది ఎంతో పనికొస్తుంది. పరీక్ష గదిలో 7 సూత్రం గుర్తురాక తడబడే పిల్లలకు నేను ముందు ఇదే చెబుతాను. టి.నగర్ పిన్ కోడ్ 600017 తీసుకోండి.

మెట్టు 1: కుడి నుంచి మూడేసి అంకెలు విడగొట్టండి: 600 | 017.
మెట్టు 2: కుడి భాగంలోంచి ఎడమ భాగం తీయండి: 17 − 600 = −583.
మెట్టు 3: −583కే శేషాలు చూడండి.

583 = 11 × 53. శేషం 0. టి.నగర్ పిన్ 11తో నిశ్శేషంగా పోతుంది.
583 = 7 × 83 + 2. కాబట్టి −583కు శేషం −2, అంటే 5.
583 = 13 × 44 + 11. శేషం −11, అంటే 2.

ఒక్క తీసివేతతో మూడు జవాబులు వచ్చాయి. తొమ్మిదంకెల సంఖ్య అయితే మూడు భాగాలవుతాయి. కుడి నుంచి కూడు, తియ్యి, కూడు.

తరచూ వచ్చే తప్పు: 11 పరీక్షను ఎడమ నుంచి మొదలుపెట్టడం. పోతుందా లేదా అని మాత్రమే చూస్తే ఎటు నుంచైనా ఫరవాలేదు. శేషం ఎంతో కావాలంటే కుడి నుంచే రావాలి, లేకపోతే అంకెల సంఖ్య సరి అయినప్పుడు గుర్తు తిరగబడుతుంది.

5. తేదీలు, వారాలు

పొట్టి శ్రీరాములుగారు మద్రాసు మైలాపూర్‌లో నిరాహార దీక్ష మొదలుపెట్టింది 1952 అక్టోబర్ 19న. కన్నుమూసింది డిసెంబర్ 15న. డిసెంబర్ 15 సోమవారం. దీక్ష మొదలైన రోజు ఏ వారం?

మెట్టు 1: మధ్య దూరం లెక్కించండి. అక్టోబర్ 19 నుంచి 31కి 12, నవంబర్ 30, డిసెంబర్ 15. మొత్తం 57.
మెట్టు 2: 57 ≡ 1 (మాడ్ 7).
మెట్టు 3: సోమవారం నుంచి ఒక రోజు వెనక్కి వెళ్లండి. ఆదివారం.

ఆ దీక్షను 58 రోజుల దీక్ష అని చదువుతుంటాం. మొదటి రోజునూ చివరి రోజునూ రెంటినీ కలిపి లెక్కపెడితే వచ్చేది 58. వారం కనుక్కోవడానికి కావాల్సింది దూరం, అంటే 57. 58 పెడితే శనివారం వస్తుంది. వారాల లెక్కల్లో ఒక రోజు తేడా వస్తే ముందు ఇక్కడే వెతకండి.

ముందుకు వెళ్లినా పద్ధతి అదే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953 అక్టోబర్ 1కి, 1952 డిసెంబర్ 15 నుంచి 290 రోజులు. 290 ≡ 3. సోమవారానికి మూడు కలిపితే గురువారం.

చూసుకోవాల్సినవి:
- మధ్యలో ఫిబ్రవరి 29 వచ్చిందా?
- 1900 లాంటి శతాబ్ది సంవత్సరం దాటారా? 400తో పోతేనే అది లీపు. 1900 కాదు, 2000 అవును.
- సంవత్సరానికి 365 ≡ 1, లీపు సంవత్సరానికి 366 ≡ 2. ఏళ్ల దూరమైతే ఈ ఒకట్లూ రెండ్లూ కూడితే చాలు.

6. ఘాతాలు

2¹⁰⁰ను 7తో భాగిస్తే శేషమెంత? ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. "100కు మాడ్ 7లో శేషం 2, కాబట్టి 2² = 4" అంటారు. జవాబు 4 కాదు, 2.

ఘాతాంకం అంటే ఎన్నిసార్లు గుణించామన్న లెక్క. దాన్ని మాడ్ సంఖ్యతో తగ్గించకూడదు. శేషాలు ఎన్నో అడుగుకు మళ్లీ మొదటికి వస్తాయో, ఆ ఆవృత్తితో తగ్గించాలి. వరుస ఇది:

మెట్టు 1: కింద ఉన్న సంఖ్యను (భూమిని) ముందు మాడ్‌లోకి తగ్గించండి.
మెట్టు 2: ఘాతాలు రాస్తూ 1 గానీ −1 గానీ ఎప్పుడొస్తుందో చూడండి. 2, 4, 8 ≡ 1. మూడో అడుగులో 1 వచ్చింది.
మెట్టు 3: ఘాతాంకాన్ని ఆ 3తో భాగించండి. 100 = 3 × 33 + 1.
మెట్టు 4: మిగిలిన ఘాతం వేయండి. 2¹ = 2.

మెట్టు 2లో −1 వస్తే ఆగి సంతోషించండి. దానికి రెట్టింపు ఘాతానికి 1 వచ్చి తీరుతుంది, సగం పని తప్పినట్టే.

మాడ్ ప్రధాన సంఖ్య అయి, భూమి దానికి గుణిజం కాకపోతే, మాడ్‌లోంచి ఒకటి తీసేసిన ఘాతానికి శేషం 1 వస్తుంది. మాడ్ 23 అయితే 22వ ఘాతానికి 1 ఖాయం. ఇది ఫెర్మా చిన్న సిద్ధాంతం. రెండు షరతుల్లో ఏది తప్పినా దీన్ని వాడకండి.

ఆవృత్తి వెంటనే కనబడకపోతే వర్గాలు చేసుకుంటూ పోవాలి. 5³⁷ను మాడ్ 23లో చూద్దాం:

5² = 25 ≡ 2
5⁴ ≡ 2² = 4
5⁸ ≡ 16 ≡ −7
5¹⁶ ≡ 49 ≡ 3
5³² ≡ 9

37 = 32 + 4 + 1. కాబట్టి 9 × 4 × 5 = 180. 23 × 7 = 161 తీసేస్తే 19.

సరిచూద్దాం. 5²² ≡ 1 కాబట్టి 5³⁷ ≡ 5¹⁵. 5¹⁴ అంటే 2⁷ = 128 ≡ 13. 13 × 5 = 65 ≡ 19. రెండు దారుల్లోనూ ఒకే జవాబు. పైథాన్ ఉన్నవాళ్లు పౌ (pow) ఫంక్షన్‌కు 5, 37, 23 అని మూడు సంఖ్యలూ ఇచ్చి చూసుకోవచ్చు.

భూమికీ మాడ్‌కూ ఉమ్మడి కారణాంకం ఉంటే 1 ఎప్పటికీ రాదు, దాని కోసం ఎదురుచూడకండి. 2 ఘాతాలు మాడ్ 12లో: 2, 4, 8, 4, 8, 4… మొదటి 2 మళ్లీ రాదు. రెండో అడుగు నుంచి సరి ఘాతాలకు 4, బేసి ఘాతాలకు 8. కాబట్టి 2⁵⁰కు శేషం 4.

7. భాగహారం: ఆగి ఆలోచించాల్సిన చోటు

తెలియని సంఖ్యను క అందాం. 6క ≡ 4 (మాడ్ 10). రెండు వైపులా 2 కొట్టేసి 3క ≡ 2 (మాడ్ 10) అని రాస్తే క = 4 ఒక్కటే వస్తుంది. కానీ క = 9 పెట్టి చూడండి: 54, శేషం 4. అదీ జవాబే. ఒక జవాబు పోయింది.

సరైన పని: 2 కొట్టేసినప్పుడు మాడ్‌ను కూడా 2తో తగ్గించాలి. 3క ≡ 2 (మాడ్ 5). క ≡ 4 (మాడ్ 5). అంటే మాడ్ 10లో 4, 9.

పాటించాల్సిన వరుస:

మెట్టు 1: క ముందున్న సంఖ్యకూ మాడ్‌కూ గ.సా.భా. తీయండి.
మెట్టు 2: అది కుడి వైపు సంఖ్యను భాగించకపోతే జవాబే లేదు. ఆపేయండి. 6క ≡ 3 (మాడ్ 10) ఇలాంటిదే. ఎడమవైపు ఎప్పుడూ సరి సంఖ్య, 3కి 10 ఎన్నిసార్లు కలిపినా బేసి.
మెట్టు 3: భాగిస్తే, మూడింటినీ (క ముందున్నది, కుడివైపుది, మాడ్) దానితో భాగించండి.
మెట్టు 4: కుడి వైపుకు మాడ్‌ను కలుపుతూ పోండి, క ముందున్న సంఖ్యతో పోయేదాకా.

మెట్టు 4కు ఉదాహరణ 5క ≡ 3 (మాడ్ 17). 3కు 17 కలిపితే 20. అది 5తో పోతుంది. క ≡ 4. విలోమం (5తో గుణిస్తే శేషం 1 వచ్చే సంఖ్య) వెతికే పనే లేదు. చిన్న మాడ్‌లకు ఇంతకంటే తేలిక దారి నాకు తెలియదు.

8. రెండు మూడు షరతులు ఒకేసారి

కోయంబేడులో ఒక వ్యాపారి కొబ్బరికాయలు పేరుస్తున్నాడనుకోండి. అయిదేసి పెడితే 3 మిగిలాయి, ఏడేసి పెడితే 4, ఎనిమిదేసి పెడితే 1. కనీసం ఎన్ని కాయలు?

మెట్టు 1: పెద్ద మాడ్ నుంచి మొదలుపెట్టండి. మాడ్ 8లో శేషం 1: 1, 9, 17, 25…
మెట్టు 2: వీటిలో 7తో 4 శేషం వచ్చేది వెతకండి. శేషాలు వరుసగా 1, 2, 3, 4. కాబట్టి 25.
మెట్టు 3: ఇక అడుగు 8 కాదు, 8 × 7 = 56. ఇక్కడ అడుగు మార్చడం మరిచిపోతే ముందు కుదిరిన షరతు చెడిపోతుంది.
మెట్టు 4: 25, 81, 137, 193. 5తో శేషాలు 0, 1, 2, 3. జవాబు 193.

తర్వాతి జవాబు 280 కలిపితే వస్తుంది: 473.

మాడ్‌లకు ఉమ్మడి కారణాంకం ఉంటే ముందుగా పొంతన చూడండి. "4తో భాగిస్తే 1, 6తో భాగిస్తే 2" అనే సంఖ్య లేదు. మొదటి షరతు బేసి అంటోంది, రెండోది సరి అంటోంది. పొంతన కుదిరితే అడుగు మాడ్‌ల లబ్ధం కాదు, క.సా.గు.

ఎంతో తేలిగ్గా పోయే రకం ఒకటుంది. 2, 3, 4, 5, 6తో భాగిస్తే 1, 2, 3, 4, 5 మిగిలే సంఖ్య? ప్రతి శేషమూ −1 అని గమనించండి. కాబట్టి క.సా.గు. 60లోంచి ఒకటి తీస్తే 59. శేషాలు చూడగానే ముందు వాటిని ఋణంగా రాసి చూడమనేది ఇందుకే.

9. "ఏ సంఖ్యకైనా" అని రుజువు అడిగితే

తెలియని సంఖ్యను ఈసారి న అందాం. న ఏ పూర్ణ సంఖ్య అయినా (న³ + 11న) విలువ 6తో పోతుందని చూపాలి. మాడ్ 6లో 11 ≡ −1. కాబట్టి అది న³ − న, అంటే (న − 1) × న × (న + 1). వరుసగా మూడు సంఖ్యల్లో ఒకటైనా సరి ఉంటుంది, ఒకటి 3తో పోతుంది. అయిపోయింది.

ఇలా విడగొట్టడం తట్టకపోతే న స్థానంలో 0 నుంచి 5 వరకు పెట్టి ఆరు వరుసలు రాయండి. అదీ పూర్తి రుజువే, మార్కులు తగ్గవు. అయితే ఆరూ రాయాలి. మూడు రాసి "ఇలాగే మిగతావి" అంటే కుదరదు.

10. జవాబు రాసే ముందు చూసుకోండి

- శేషం 0కు తక్కువగా గానీ, మాడ్‌కు సమానంగా లేదా ఎక్కువగా గానీ ఉందా? ఉంటే ఇంకా తగ్గించాలి.
- వచ్చిన క విలువను మొదటి ప్రశ్నలో పెట్టి చూశారా? మధ్యలో కుదించిన సమీకరణంలో కాదు.
- ఎక్కడైనా కొట్టివేత జరిగిందా? అక్కడ మాడ్ తగ్గిందా?
- ఘాతాంకాన్ని దేనితో తగ్గించారు? ఆవృత్తితోనేనా?
- పెద్ద గుణకారం చేస్తే మాడ్ 9లో, మాడ్ 11లో రెండింట్లోనూ సరిచూడండి. 4738 × 692 = 3278696 తీసుకోండి. మాడ్ 9లో 4 × 8 = 32 ≡ 5, జవాబు అంకెల మొత్తం 41 ≡ 5. రెండు అంకెలు అటూ ఇటూ మారితే 9 పట్టుకోలేదు. పక్కపక్క అంకెలు మారితే 11 పట్టుకుంటుంది.

11. సాధనకు

1. మైలాపూర్ పిన్ కోడ్ 600004కు 7, 11, 13తో శేషాలు. (6, 9, 2)
2. 3¹⁰⁰ చివరి రెండంకెలు. (01. సూచన: 3²⁰ను మాడ్ 100లో చూడండి.)
3. 9క ≡ 6 (మాడ్ 15)కు జవాబులన్నీ. (4, 9, 14)
4. 1947 ఆగస్టు 15న ఏ తెలుగు సంవత్సరం నడుస్తోంది? (ఇరవై ఒకటోది, సర్వజిత్తు)
5. 7²⁰²⁵ ఒకట్ల స్థానంలో అంకె. (7)

మూడోదానికి 4 ఒక్కటే వచ్చిందంటే ఏడో అంకంలోని మెట్టు 3 మళ్లీ చదివి, మాడ్ 15ను 5 చేశారో లేదో చూసుకోండి. నాలుగోదానికి నలభై ఒకటో పేరు ప్లవంగ వచ్చిందంటే −40కి 60 కలపలేదన్నమాట.